ముసలివాళ్లు లేని దీవి

శ్రీహరికోట చరిత్ర వ్రాయమంటే అందరమూ ప్రయోగాల తేదీలే వ్రాస్తాం. అవి పుస్తకాలలో ఉన్నాయి. ఉద్యోగం కోసం ఆ దీవికి కాపురాలు తరలించిన మన సంగతీ, మనకంటె ముందు అక్కడ బ్రతికినవారి సంగతీ అంతగా వ్రాసినవారు లేరు. నాకు తెలిసినంత ఈ ప్రత్యేక సంచికలో మనవి చేస్తాను.

మాది తోటపల్లి గూడూరు. రైలు జంక్షన్ ఉన్న గూడూరు కాదు; నెల్లూరికి తూర్పున, సముద్రానికి దగ్గరగా, పెన్న నీళ్లతో వరి పండే గూడూరు. 1977లో షార్‌లో టెక్నీషియన్‌గా చేరమని నాకు ఉత్తరువులు వచ్చాయి. మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, “అబ్బయ్యా, ఆ దీవిలో మనుషులుంటారా?” అని. సముద్రం మాకు కొత్త కాదు. చుట్టూ నీళ్లుండటమే కొత్త.

ఆ దీవినే ఎందుకు ఎంచుకొన్నారో పిల్లల కోసం చెప్పాలి. 1963 నుంచి రాకెట్లు కేరళలోని తుంబా నుంచి ఎగిరేవి. అది పడమటి తీరం. భూమి తూర్పుకు తిరుగుతుంది గనుక, ఉపగ్రహాన్ని తూర్పుకు వదిలితే మన అక్షాంశం వద్ద సెకనుకు సుమారు 450 మీటర్ల వేగం ఊరికే కలిసివస్తుంది. తుంబా నుంచి అలా వదిలితే రాకెట్ జనం నివసించే నేల మీదుగా పోవాలి. తూర్పు తీరంలోనైతే ఎదుట బంగాళాఖాతమే. విక్రం సారాభాయ్ హయాంలో, 1969లో శ్రీహరికోట ఎంపికయింది. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్ ఇక్కడి నుంచి లేచింది. ఆ డిసెంబరు 30నే సారాభాయ్ కన్నుమూశారు.

అయితే అది ఖాళీ నేల కాదు. ఒక వైపు సముద్రం, మరో వైపు పెద్దలు ప్రళయకావేరి అని పిలిచే పులికాట్ సరస్సు, నడుమ అడవి. ఆ అడవి కట్టెలు బకింగ్‌హాం కాలువలో పడవల మీద మద్రాసు పొయ్యిలకు పోయేవి. యానాదులు తరతరాలుగా అక్కడ గడ్డలు త్రవ్వుకొని, తేనె తీసి, చేపలు పట్టి బ్రతికారు. కేంద్రం వచ్చాక దీవిలోని ఊళ్లవారు తరలిపోవలసి వచ్చింది. యానాదులలో కొందరు అక్కడే కూలిపనులలో కుదిరారు.

నేను చేరిన కొత్తలో సూళ్లూరుపేటలో రైలు దిగి, సరస్సు నడుమ వేసిన రోడ్డు మీద బస్సులో వెళ్లేవాణ్ణి. ఎండాకాలం రెండు ప్రక్కలా ఎండి పగిలిన నేల. చలికాలం నీళ్లు, ఆ నీళ్లలో బారులు తీరిన ఫ్లెమింగో కొంగలు. 1979లో నా భార్య కాపురానికి వచ్చింది. అక్కడ అంగడి ఉంటుందో లేదోనని ఊరగాయ జాడీలే ఎక్కువ తెచ్చింది. ఒక ప్రక్కింటివారిది కేరళ, మరో ప్రక్కింటివారిది తమిళనాడు. వారి కొబ్బరినూనె వంట మాకు వింత, మా గోంగూర వారికి వింత. ఆరు నెలలకు గిన్నెలు గోడ దాటాయి. బంధువులు లేనిచోట ఇరుగుపొరుగే పురుళ్లకూ, జ్వరాలకూ ఆదుకొన్నారు.

ఆ ఏడే ఆగస్టు 10న మొదటి ఎస్.ఎల్.వి.-3 సముద్రంలో పడిపోయింది. ఆ రాత్రి మా వీధిలో ఎవరింట్లోనూ అన్నం సరిగా సాగలేదు. 1980 జులై 18న అదే వాహనం 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టింది. ఆనాడు వంటింటి పొయ్యి ఆర్పకుండానే ఆడవాళ్లు వీధిలోకి పరుగెత్తారు.

క్వార్టర్ల దగ్గర మొక్కలకు పాదులు చేసే ఒక యానాది పెద్దాయన ఒకసారి నాతో అన్నాడు: “సారూ, మీ ఇల్లున్న చోట మా తాత గడ్డలు త్రవ్వేవాడు.” అందులో కోపం లేదు. చిరునామా చెప్పినట్టు చెప్పాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

2013లో నేను పదవీ విరమణ చేశాను. నియమం మనందరికీ తెలిసిందే: ఉద్యోగం అయిపోగానే క్వార్టర్ అప్పగించాలి, ఆ తరువాత గేటు దాటాలంటే అనుమతి కావాలి. ముప్పై ఆరేళ్లు ఉన్న చోటికి చుట్టంగా వెళ్లాలి. మా అబ్బాయిని సొంత ఊరేదని అడిగితే శ్రీహరికోట అంటాడు. అక్కడ వాడికి గడప లేదు. అయినా యానాదుల తరలింపునూ, మన తరలింపునూ ఒకే త్రాసులో పెట్టరాదు. మనం కోరి వచ్చాం, పింఛనుతో వెళ్లాం. వారు కోరి వెళ్లలేదు.

ఏ ఊరికైనా చరిత్ర అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్ల నోట నిలుస్తుంది. మన కాలనీలో అరవై దాటిన ఉద్యోగి ఉండడు. అందువల్ల ప్రతి తరం తనతోపాటు తన జ్ఞాపకాలనూ మూటగట్టుకొని సరస్సు దాటుతుంది. 2002లో కేంద్రానికి సతీష్ ధవన్ పేరు పెట్టారు. 2022లో ఆ దీవి నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. 2023 జులై 14న అక్కడి నుంచే బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. ఈ తేదీలు ఎవరూ మరచిపోరు. తరలిపోయిన ఊళ్ల పేర్లే మరచిపోతారు.

కనుక సభ్య మిత్రులకు నా విన్నపం. దీవిలో మీరు చూసిన పాత బావులు, గుళ్లు, ఊళ్ల పేర్లు, మీతో పనిచేసిన యానాది కుటుంబాల సంగతులు, మీ ఇంటి ఆడవాళ్లకు గుర్తున్న విషయాలు ఒక్కొక్క కాగితం మీద వ్రాసి సంఘానికి పంపండి. వారినే వ్రాయమనండి, ఇంకా మంచిది. భాష ఎలా ఉన్నా ఫరవాలేదు. మనలో తొలినాటివారు ఏటేటా తగ్గిపోతున్నారు. వచ్చే సంచిక దాకా ఆగవద్దు.