ప్రాగ్ నగరములోని యూదుల శ్మశానవాటిక

ప్రాగ్ నగరమందలి యోసెఫోవ్ పేటలో, ఇండ్ల నడుమ, యూదుల పాత శ్మశానవాటిక కలదు. అందలి సమాధిశిలలలో మిక్కిలి పాతది 1439 నాటిది. అది కవియు మతాచార్యుడును అగు అవిగ్దోర్ కారాది. ఆ కాలమున యూదులు ఈ పేటయందే మసలవలసియుండుటచే మృతులకును స్థలము చాలకపోయెను. పూర్వుల సమాధులను త్రవ్వివేయుట వారి ధర్మమునకు విరుద్ధము. కావున వానిపై మన్ను పోసి, క్రొత్తవారిని పూడ్చి, పాత శిలలను పైకెత్తి నిలిపిరి. 1787లో ఖననములు ఆగినవి. సుమారు 12,000 శిలలు నేటికిని ఒకదానిపై నొకటి ఒరిగియున్నవి.

పేటలోని ఇరుకు సందులను పందొమ్మిదవ శతాబ్ది చివర పడగొట్టి విశాలవీథులు వేసిరి. శ్మశానమును, కొన్ని ప్రార్థనామందిరములును మిగిలినవి. ప్రక్కనున్న పింకాస్ మందిరపు గోడలపై, నాజీలకు బలియైన బొహీమియా, మొరావియా యూదుల పేర్లు సుమారు 78,000 వ్రాయబడియున్నవి. వీరిలో అనేకులకు సమాధి యన్నది లేదు. బంధువులు వచ్చి ఆ గోడపైననే తమవారి పేరు వెదకికొందురు.