ఏటి నీళ్ళు, సంద్రపు పిల్ల

కరెంటు పోతే పోయింది. ఆ కుంపట్లో ఇంకో గుప్పెడు కొబ్బరి పీచు వెయ్యి బుల్లీ, దోమలు ఆగుతాయి. వాన కూడా వెలిసినట్టుంది. ఇలా వచ్చి కూర్చో.

మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన కాడినుంచీ ముఖం ముడుచుకునే ఉన్నావు. మీ అమ్మ చెప్పింది. కొండేట్లో కయాక్ పోటీ పెట్టారట, ఒక గేటు తప్పిపోయిందట, 50 సెకన్లు కలిపి ఆఖర్న నిలబెట్టారట. విదేశం వెళ్ళి ఆడటం దీవి పిల్లల వల్ల కాదని తమ్ముడితో అన్నావట. ఆ మాట నాకు గుచ్చుకుంది. అందుకే కూర్చోమన్నాను.

నేను ఈ పోర్ట్ బ్లెయిర్‌లో దిగేనాటికి నాకు ఇరవై ఒకటి. వంశధార ఒడ్డున పుట్టినవాణ్ణి. విశాఖపట్నంలో ఓడెక్కాను. బంక్ క్లాసులో మూడు రాత్రులు వాంతులే. నాలుగో రోజు తెల్లారగట్ల పచ్చటి కొండలు కనబడితే ఏడుపొచ్చింది. ఆనాటి నుంచి ఈ ఫీనిక్స్ బే డాక్‌యార్డులోనే నా బతుకు. స్లిప్‌వే మీదికి లాగిన పడవ పొట్టకి అంటుకున్న పెంకులు గీకడం, సుత్తితో తుప్పు కొట్టడం. సాయంత్రానికి కనురెప్పల మీద కూడా తుప్పు పొడే.

నికోబార్ వాళ్ళ హోడిని మొదట చూసింది ఆ రోజుల్లోనే. ఒకే మాను తొలిచిన సన్నటి పడవ. పక్కకి రెండు అడ్డకర్రలు చాచి, వాటి చివర ఒక తేలుకర్ర కట్టి ఉంటుంది. అదే దాన్ని బోర్లా పడనివ్వదు. పందెం రోజున కుర్రాళ్ళంతా వరసగా కూర్చుని ఒక్క ఊపిరిగా తెడ్లేస్తుంటే, ఇన్ని చేతులూ ఒకే ఒంటివా అనిపించింది. మేకు ఉండదు, రేకు ఉండదు, అంతా కట్లే. ఇనుముతో బతికేవాణ్ణి కదా, ఆ కట్టుముళ్ళని వేలితో తడిమి తడిమి చూశాను. తెడ్డు ఈ దీవులకి కొత్త కాదమ్మా. నీకంటే ఎన్ని తరాల ముందునుంచో ఉంది.

సునామీ నాటికి నువ్వు పుట్టలేదు. 2004 డిసెంబర్ 26, ఆదివారం. ఆరున్నర ప్రాంతంలో భూమి ఊగింది. మన పోర్ట్ బ్లెయిర్ నేల దాదాపు మీటరు కిందికి దిగిపోయింది. సిప్పీఘాట్ వరి పొలాల్లో అప్పుడు నిలిచిన ఉప్పునీరు మళ్ళీ వెనక్కి పోలేదు. కార్ నికోబార్ సంగతి చెప్పాలంటే ఇప్పటికీ నాకు నోరు రాదు. ఆ అలలో కొట్టుకుపోయి, చెట్టు పట్టుకుని, రోజుల తరబడి ఆ కొమ్మల్లోనే ప్రాణం నిలుపుకున్న తొమ్మిదేళ్ళ పిల్ల ఉంది. డెబోరా హెరాల్డ్. ఆ పిల్లే తర్వాత సైకిలెక్కి, 500 మీటర్ల టైమ్ ట్రయల్‌లో ప్రపంచ ర్యాంకుల్లో 4వ స్థానం దాకా వెళ్ళింది.

ఇంకో కుర్రాడు ఎసో ఆల్బెన్, వాడిదీ కార్ నికోబారే. సునామీ నాటికి మూడేళ్ళవాడు. 2018 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని ఎగ్ల్‌లో జూనియర్ ప్రపంచ సైకిల్ పోటీల్లో, కెయిరిన్ పందెంలో వెండి పతకం తెచ్చాడు. ప్రపంచ సైక్లింగ్ చాంపియన్‌షిప్పుల్లో మన దేశానికి అదే మొదటి పతకం. బంగారం పోయింది సెకనులో వందో వంతుల తేడాతో. మరుసటేడు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ డెర్ ఓడర్‌లో, మణిపూర్ పిల్లలు రొనాల్డో, రోజిత్‌లతో కలిసి టీమ్ స్ప్రింట్‌లో బంగారమే కొట్టాడు. ఆ వార్త వచ్చినరోజు నేను జెట్టీ మీద ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పాను, తెలిసినవాడైనా, తెలియనివాడైనా.

మీ తెడ్డు పందేల సంగతీ తెలుసుకోకుండా లేను. 1994లో హిరోషిమా ఏషియన్ గేమ్స్‌లో మన దేశానికి కనో పందెంలో కంచు వచ్చాక, మళ్ళీ పతకం కోసం 2023 హాంగ్‌జౌ దాకా ఆగాలి. అర్జున్ సింగ్, సునీల్ సింగ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు కనో డబుల్స్ 1000 మీటర్లలో కంచు తెచ్చారు. ఇరవై తొమ్మిదేళ్ళు! అదైనా నిలకడ నీళ్ళ మీది పందెం. నువ్వు పట్టుకున్న స్లాలమ్ అంతకంటే కష్టమైనది. తీగలకి వేలాడే కర్రల మధ్యనుంచి దూరాలి. పచ్చ కర్రలైతే వాలున, ఎర్ర కర్రలైతే ఎదురుగా. కర్ర తగిలితే 2 సెకన్లు, గేటు తప్పితే 50. నువ్వు తప్పింది ఎర్ర గేటే కదూ? నాకు తెలుసు. సంద్రంలో పెరిగినదానివి. సంద్రపు నీరు లేస్తుంది, పడుతుంది. నిన్ను పట్టుకుని ఒకే దిక్కుకి ఈడ్చుకుపోదు. ఏరు ఈడుస్తుంది.

మా అయ్య వంశధారలో దోనె నడిపేవాడు. వరదరోజుల్లో కూడా. నేను ముందు కూర్చుని, నీ మాదిరే, నీటికి ఎదురు తెడ్డేసి తెడ్డేసి రొప్పేవాణ్ణి. అయ్య ఒకనాడు నా చేతిలో తెడ్డు లాక్కుని, బండ వెనక్కి చూడరా అన్నాడు. బండకి ఇవతల ఏరు తెల్లగా ఉరుకుతోంది. బండ వెనక మాత్రం నీరు నల్లగా, మెల్లగా వెనక్కి తిరిగి పైకి పోతోంది. దోనె ముక్కుని అందులో పెట్టాడు. తెడ్డు వెయ్యలేదు. దోనె తనంత తానే ఎదురెక్కింది.

లే, లాంతరు పట్టుకో. గడప దిగు. చూశావా, వాన నీళ్ళు వాలున ఎలా ఉరుకుతున్నాయో. ఆ కాలవలో రాయి ఉంది కదా. ఇదిగో కొబ్బరి చిప్ప. ఊరికే వదిలితే ఏమవుతుంది? పోయింది, చూడు, జెట్టీ వైపు. ఇప్పుడు ఇది ఇంకోటి. రాయి పక్కగా వదిలి, దాటీ దాటగానే వేలితో అంచు తిప్పు. వంచు, ఇంకొంచెం రాయి వైపు. అదీ! ఆగింది. తిరుగుతోంది. లాంతరు దించు, దించు... పైకొస్తోందమ్మా, చిప్ప పైకొస్తోంది.

"తగిలింది తాతా," అంది పిల్ల. "రాయి తగిలింది. రెండు సెకన్లు."

చిప్పని తీసుకుని నీళ్ళు ఒంపేసి, మళ్ళీ కాలవ ఎగువకి నడిచింది.