బొంద తవ్విన చేతులు

సర్కారు కాగితం మీద మేము 'బ్యాగరి'. షెడ్యూల్డ్ కులాల జాబితాల మాకు వేరే నంబరు ఉన్నది. మా మెదక్ దిక్కు ఊర్లల్ల మాత్రం బొంద తవ్వేటోళ్లనే పిలిచిన్రు. ఊరి చరిత్ర రాసినోళ్లు పట్వారి దస్తరం చూసిన్రు, గుడి శాసనం చదివిన్రు. బొందలగడ్డ దిక్కు ఎవ్వలూ రాలె. ఎవరి తాత ఎక్కడ పండిండో, గత్తరొచ్చిన ఏడు ఎంతమంది పోయిన్రో మా నాయినకు నోటికొచ్చు. అది దస్తరం కాదా?

చావు కబురు మోసుడు గూడ మా పనే. మా తాత రాత్రికి రాత్రి కోసులు నడిచి పటేలు బిడ్డ అత్తగారింటి ముందట నిలబడేటోడు. సచ్చిపోయిండని ఒక్కసారే చెప్పకపోయేది. "అమ్మా, మీ నాయినకు పానం బాగలేదు, జర జల్ది రమ్మన్నరు" అనేటోడు. ఆమె బండ్లె, తాత బండెంట. తొవ్వ పొంటి కొంచెం కొంచెం చెప్పుకుంట వచ్చేటోడు. ఊరు కండ్లవడేసరికి ఆమెకు సమజయ్యేది. ఈ చెప్పుడు తాతకు ఏ బడిల నేర్పిన్రు?

నాయిన బొంద తవ్వితే రాళ్లు, వేర్లు ఏరి అడుగు సాపు చేసేటోడు. "తల్లి చూస్తది కొడుకా, రాయి కనవడొద్దు" అనేటోడు. పసిపిల్లల బొంద మీద తుమ్మకంప పరిచి, రాళ్లు పేర్చి, నక్కలు తోడకుండ మూడొద్దులు పోయి చూసొచ్చేటోడు. దింపుడుకల్లం కాడ పీనుగ చెవుల పేరు పెట్టి పిలుస్తుంటే మాదిగన్నలు డప్పు ఆపేటోళ్లు. ఏడ్చేటోళ్లను ఏడ్వనిచ్చి మళ్ల అందుకునేటోళ్లు.

దీన్ని ఎవరూ సేవ అనలె. వెట్టి అన్నరు. 1976ల వెట్టి రద్దు చట్టం వచ్చినంక గూడ మాకు కల్లం కాడి కుంచెడు గింజలే. అవి గూడ చెయ్యి తగలకుండ ఎత్తి పోసిన్రు.

బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్యహరిశ్చంద్ర' నాటకంల రాజు కాటికాపరి అయితే ఊరూరు ఏడ్చింది. పుట్టుకతోనే ఆ పనిల ఉన్న వీరబాహుని కోసం ఎవరన్న ఏడ్చిన్రా? అదే కాటి సీన్ల జాషువా పద్యాలకు వన్స్‌మోర్‌లు కొట్టిన్రు. అంటరానితనం శ్మశానంల చెల్లదన్నది జాషువా చూపు. మా ఊర్లె బొందలగడ్డలే వేరు వేరు. ఊరందరి బొందలు తవ్విన మా తాత శవానికి పొలాల నడుమ తొవ్వ ఇయ్యలె. వాగు చుట్టు తిరిగి పోయినం. మేమే మోసినం, మేమే తవ్వినం. మాదిగన్నలు డప్పు కొట్టిన్రు. ఊర్లెకెల్లి ఒక్కరు రాలె.

1991 ఆగస్టు 6న చుండూరుల ఎనిమిది మంది దళితులను చంపిన్రు. వాళ్లను ఊరి నడుమ పూడ్చి ఆ జాగను రక్తక్షేత్రం అన్నరు. బొంద ఎక్కడుండాల్నో ఈసారి మనం చెప్పినం. 1994ల మాదిగ దండోర లేచింది. చావు కాడి డప్పు సభల మోగింది.

మా సంఘం పిలగాండ్లు నాయినను పని ఇడిసిపెట్టుమన్నరు. న్యాయమే, నేను గూడ అదే అన్న. కాని ఆ చేతుల్ల బానిసతనం ఒక్కటే ఉండె అంటే నేనొప్ప. అటెనుక ఒక దొరింట్ల చిన్నపిల్ల పోతే పిలుపొచ్చింది. నాయిన పోయిండు. "గింజలొద్దు, కైకిలి పైసలు ఒప్పుకోండ్రి, అప్పుడే పార పడత" అన్నడు. ఒప్పుకున్నరు. తవ్విండు, తుమ్మకంప కొట్టుకొచ్చి పరిచిండు. మూడొద్దులు పొద్దుమీకి పోయి చూసొచ్చిండు. దానికి కైకిలి అడగలె.