ఎంబీఏ ఫైనాన్స్, ఇన్సూరెన్స్: సీటు ఎక్కడ? ఉద్యోగం ఏది? ఫీజు కట్టే ముందు తెలుసుకోవాల్సినవి

కొత్తపల్లె (నంద్యాల జిల్లా): డిగ్రీ చివరి ఏడాదికి వచ్చిన పిల్లలున్న ఇళ్లలో ఒకటే చర్చ. ఐసెట్ రాయించాలా, బ్యాంకు కోచింగ్‌కు పంపాలా? నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్ల నుంచి బీకాం, బీఎస్సీ పూర్తి చేస్తున్నవాళ్లలో చాలామంది చూపు ఎంబీఏ ఫైనాన్స్ మీదే ఉంటుంది. అందులో ఇన్సూరెన్స్ అనే దారి కూడా ఉందని తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినా ఒక అనుమానం.. రెండేళ్లు చదివి చివరికి పాలసీలు అమ్ముకోవాలా?

ఆ అనుమానం పూర్తిగా తప్పేం కాదు. అందుకే ముందు తేడా తెలుసుకోవాలి.

ఏజెంట్ పని వేరు, ఈ చదువు వేరు

ఊళ్లో ఇన్సూరెన్స్ అనగానే గుర్తొచ్చేది ఎల్ఐసీ ఏజెంట్. ఏజెంట్ కావాలంటే ఐసీ-38 అనే పరీక్ష పాసవ్వాలి. దానికి పదో తరగతి చదివి ఉంటే చాలు, ఎంబీఏ అక్కర్లేదు. పీజీలో నేర్పేది కంపెనీ లోపల జరిగే పని. ఎవరి రిస్క్ తీసుకోవాలి, దానికి ఎంత ప్రీమియం వేయాలి అని తేల్చేది అండర్‌రైటింగ్. నష్టం జరిగినప్పుడు ఎంత ఇవ్వాలో చూసేది క్లెయిమ్స్. కంపెనీ తన మీద ఉన్న భారంలో కొంత ఇంకో పెద్ద కంపెనీకి అప్పగించడం రీఇన్సూరెన్స్. వసూలైన ప్రీమియం డబ్బును ఎక్కడ పెట్టుబడి పెట్టాలన్నది పూర్తిగా ఫైనాన్స్ సబ్జెక్టే. మన దేశంలో ఏ బీమా కంపెనీ అయినా సాల్వెన్సీ నిష్పత్తి 1.5కి తగ్గకుండా చూసుకోవాలన్నది నియంత్రణ సంస్థ రూల్. అంటే చెల్లింపుల భారానికి మించి ఆస్తులు, మూలధనం చేతిలో ఉండాలి.

పుస్తకంలో ఇవన్నీ కొత్త మాటల్లా కనిపిస్తాయి కానీ, రైతు ఇంట్లో పుట్టినవాళ్లకు ఒక పాఠం ముందే తెలుసు.

శనగ చేనుతో ఓ లెక్క

ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన 2016లో మొదలైంది. రైతు కట్టాల్సిన వాటా ఖరీఫ్ ఆహార, నూనెగింజల పంటలకు 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. మిగతా ప్రీమియం కేంద్రం, రాష్ట్రం భరిస్తాయి. ఆంధ్రప్రదేశ్ 2020లో ఈ పథకం నుంచి బయటికొచ్చి, 2022లో మళ్లీ చేరింది.

రబీ శనగకు ఎకరాకు రూ.30 వేల బీమా ఉందనుకుందాం. రైతు వాటా రూ.450. హామీ దిగుబడి 8 క్వింటాళ్లు అనుకుంటే, ఆ ఏడాది గ్రామం సగటు 6 క్వింటాళ్లే వచ్చింది. తగ్గింది 25 శాతం. కాబట్టి పరిహారం ఎకరాకు రూ.7,500. ఇది అర్థం కావడానికి వేసిన లెక్క మాత్రమే. అసలు మొత్తాలు ప్రతి సీజన్ నోటిఫికేషన్‌లో ఉంటాయి. హామీ దిగుబడిని కూడా గాల్లోంచి తీయరు. గత 7 ఏళ్లలో మంచి 5 ఏళ్ల సగటు తీసి, దాన్ని ఆ పంటకు ఖరారు చేసిన నష్టపరిహార స్థాయితో గుణిస్తారు. ఈ ఏడాది దిగుబడిని పంట కోత ప్రయోగాలతో తేలుస్తారు. గ్రామం యూనిట్‌గా ఉన్న ప్రధాన పంటకు కనీసం 4 ప్రయోగాలు చేయాలి.

అసలు చిక్కు ఇక్కడే. ఒక రైతు చేను పూర్తిగా పోయినా, గ్రామం సగటు బాగుంటే దిగుబడి లెక్కలో పైసా రాదు. పక్క చేలు బాగా పండటం ఇక్కడ ఈ రైతుకు నష్టం. దీన్నే ఇన్సూరెన్స్ పాఠాల్లో బేసిస్ రిస్క్ అంటారు. వడగళ్లు, ముంపు లాంటి స్థానిక విపత్తులకు రాష్ట్రం నోటిఫై చేసిన చోట మాత్రం విడిగా చేను వారీగా చూస్తారు. నష్టం జరిగిన 72 గంటల్లోగా సమాచారం ఇవ్వాలి. "ప్రీమియం కట్టాం కదా, మరి డబ్బులెందుకు రాలేదు?" అనే ప్రశ్నకు సమాధానం చెప్పగలిగినవాళ్లు ఊళ్లో ఒకరున్నా చాలా తేడా ఉంటుంది. బీమా కంపెనీల పంట విభాగాల్లో పని కూడా ఇదే.

సీటు ఎక్కడ దొరుకుతుంది?

దగ్గరి దారి ఏపీ ఐసెట్. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. క్వాలిఫై అవ్వాలంటే 25 శాతం మార్కులు రావాలి, అంటే 50. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. ఏ డిగ్రీ అయినా సరే, జనరల్ వాళ్లకు 50 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 45 శాతం మార్కులుంటే ఎంబీఏకి అర్హులే. కర్నూలులో 2008లో ఏర్పడిన రాయలసీమ యూనివర్సిటీ, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ, అమ్మాయిలకు తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీ అందుబాటులో ఉన్నాయి. నంద్యాలలో ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ ఎంబీఏ ఉంది. ఇక్కడ ఎక్కువగా దొరికేది ఫైనాన్స్ స్పెషలైజేషన్. ఇన్సూరెన్స్ అందులో ఒకటి రెండు పేపర్లుగా వస్తుంది, అంతే.

ఇన్సూరెన్సే ప్రధానంగా చదవాలంటే ఊరు దాటాలి. 2002లో నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ, అప్పటి ఉమ్మడి ఏపీ ప్రభుత్వం కలిసి హైదరాబాద్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇన్సూరెన్స్ అండ్ రిస్క్ మేనేజ్‌మెంట్ పెట్టాయి. ఐఐఆర్ఎం అంటారు. ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం కూడా హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనే ఉంది. పుణెలో 1980లో మొదలైన నేషనల్ ఇన్సూరెన్స్ అకాడమీలో రెండేళ్ల పీజీడీఎం ఉంది. గ్రేటర్ నోయిడాలో బిమ్‌టెక్ కూడా ఇన్సూరెన్స్ పీజీడీఎంకు పేరున్నదే. ఇలాంటి సంస్థలకు ఐసెట్ ర్యాంకు పనికిరాదు. క్యాట్, సీమ్యాట్ లాంటి జాతీయ పరీక్షల స్కోరు అడుగుతారు.

ఇంకో విషయం. రాష్ట్ర విభజన తర్వాత పదేళ్ల పాటు నడిచిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్‌తో ముగిసింది. అందుకే ఉస్మానియాలో ఎంబీఏ సీటు అనే ఆశ ఈ జిల్లా విద్యార్థులకు ఇంతకుముందులా లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి మాత్రం ఈ లోకల్, నాన్‌లోకల్ గొడవ లేదు. ఎంబీఏకి క్యాట్ స్కోరు కావాలి.

ఫీజు సంగతి

2020 డిసెంబర్‌లో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగింది. ఒకే ఎంబీఏ, కానీ యూనివర్సిటీ క్యాంపస్‌లో చేరితే ఒక లెక్క, ప్రైవేటు కాలేజీలో చేరితే ఇంకో లెక్క అయింది. చేరే ఏడాదిలో ఏ ఉత్తర్వు అమల్లో ఉందో జ్ఞానభూమి పోర్టల్‌లోనో, సంక్షేమ శాఖ ఆఫీసులోనో అడిగి తెలుసుకోవాలి. "రీయింబర్స్‌మెంట్ వస్తుందిలెండి" అనే కాలేజీ పీఆర్వో మాట మీద అప్పు చేయడం ప్రమాదం.

ఉద్యోగం దగ్గర అడగాల్సిన ఒక్క ప్రశ్న

కాలేజీ బ్రోచర్‌లో కంపెనీల లోగోలు బోలెడు ఉంటాయి. అవి కాదు, ఏ హోదాలో తీసుకున్నారో అడగాలి. రిలేషన్‌షిప్ మేనేజర్, సేల్స్ మేనేజర్ లాంటి పేర్లే ఎక్కువగా ఉంటే అది నెలనెలా టార్గెట్ ఉండే ఉద్యోగం. మాట నేర్పు ఉన్నవాళ్లకు అదేమీ చెడ్డది కాదు. కానీ దానికోసమే అయితే రెండేళ్లు, లక్షల ఫీజు అవసరమా అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. అండర్‌రైటర్, క్లెయిమ్స్ ఎగ్జిక్యూటివ్, రిస్క్ అనలిస్ట్ అనే హోదాలు కనిపిస్తే చదువుకు తగ్గ పని దొరుకుతున్నట్టు. హైదరాబాద్‌లో మాస్‌మ్యూచువల్, స్విస్ రీ లాంటి విదేశీ బీమా సంస్థల కేంద్రాలున్నాయి. అక్కడ ఎక్సెల్, డేటా టూల్స్ వచ్చినవాళ్లకు విలువ.

ప్రభుత్వ రంగంలో ఒక తిరకాసు ఉంది. ఎల్ఐసీ ఏఏఓ జనరలిస్ట్ పోస్టుకు ఏదైనా డిగ్రీ చాలు, పీజీ అడగరు. 2025లో ఏఏఓ, అసిస్టెంట్ ఇంజినీర్ పోస్టులు కలిపి 841కి నోటిఫికేషన్ వచ్చింది. న్యూ ఇండియా అస్యూరెన్స్ ఏఓ అకౌంట్స్ పోస్టులకు మాత్రం ఎంబీఏ ఫైనాన్స్ అర్హతగా పనికొస్తుంది. ఐఆర్‌డీఏఐ 2024లో 49 అసిస్టెంట్ మేనేజర్ పోస్టులు పిలిచింది. జనరలిస్ట్ విభాగానికి 60 శాతం మార్కులతో డిగ్రీ అడిగింది. ఎంబీఏ చేస్తూనే ఈ పరీక్షలకు చదివేవాళ్లు చాలామంది ఉన్నారు.

లెక్కలు బాగా వచ్చినవాళ్లు యాక్చురీ వైపు చూడొచ్చు. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చురీస్ ఆఫ్ ఇండియా నిర్వహించే ఏసెట్ ఇంటర్ తర్వాతే రాయొచ్చు. దాని తర్వాత పదికి పైగా పేపర్లు ఒక్కొక్కటిగా పాసవుతూ పోవాలి. ఏళ్లు పడుతుంది, మధ్యలో వదిలేసేవాళ్లే ఎక్కువ. అయినా కొన్ని పేపర్లు పాసైతేనే ఉద్యోగం తలుపు తెరుచుకుంటుంది. ప్రతి బీమా కంపెనీలో అపాయింటెడ్ యాక్చురీ ఉండి తీరాలని నిబంధన కాబట్టి ఈ చదువుకు డిమాండ్ ఉంటుంది. అంత ఓపిక లేదనుకుంటే ముంబైలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా లైసెన్షియేట్, అసోసియేట్, ఫెలోషిప్ పరీక్షలు ఎంబీఏతో పాటే ఇంటి నుంచి చదివి రాసుకోవచ్చు. రెజ్యూమేలో ఫైనాన్స్ పక్కన ఇన్సూరెన్స్ చూపించడానికి ఖర్చు తక్కువైన మార్గం ఇదే.

ఇక తేదీలు. క్యాట్ దరఖాస్తులు ఆగస్టులో మొదలవుతాయి, పరీక్ష నవంబర్ చివర్లో ఉంటుంది. కాబట్టి పుణె, హైదరాబాద్ సంస్థలు కావాలనుకునేవాళ్లు డిగ్రీ చివరి ఏడాది మొదట్లోనే అప్లై చేయాలి. ఐసెట్ సాధారణంగా మే నెలలో జరుగుతుంది, చివరి సెమిస్టర్ రాస్తున్నవాళ్లు కూడా రాయొచ్చు. కౌన్సెలింగ్ నాటికి కుల, ఆదాయ ధ్రువపత్రాలు, స్టడీ సర్టిఫికెట్లు చేతిలో ఉండాలి. సచివాలయంలో ముందే అప్లై చేసి పెట్టుకుంటే చివరి రోజు ఉరుకులు తప్పుతాయి.