మన పిల్లలు పీల్చిన గాలి

“మనవాళ్లకు ఉబ్బసము, షుగర్ పుట్టుకతోనే వస్తాయి. అది మన రక్తములో ఉంది.” పెండ్లి ఇంట, చావు ఇంట, గుడి వాకిట ఈ మాట మనము ఎన్నోసార్లు విన్నాము. మనమే ఎన్నోసార్లు అన్నాము కూడా. ఆ మాటను చరిత్ర ముందు నిలబెట్టి, అది ఎంతవరకు నిజమో చూడాలని ఈ వ్యాసము రాస్తున్నాము. మేము వైద్యులము కాము, బడిపంతుళ్లము. తెలుగు కూడా సాయంకాలపు తరగతులలో, పెద్దల దగ్గర కూర్చుని నేర్చుకున్నవాళ్లము. తప్పులుంటే పాఠకులు మన్నించాలి.

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవు చేరింది. అప్పటి నుండి 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా నేటాలుకు వచ్చారు. విశాఖపట్నము, గంజాము, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుండి వచ్చిన మన తెలుగువారు కూడా వారిలో ఉన్నారు. ఓడ పట్టికలలో ప్రతి మనిషికి ఒక నంబరు వేసి, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, కులము రాశారు. ఒంటి మీది మచ్చను కూడా వదలలేదు. అయితే ఆ మనిషి బిడ్డ ఎలాటి గాలి పీల్చి పెరిగిందో ఏ పట్టికలోనూ లేదు.

చెరకు తోటలలో మనవాళ్లకిచ్చిన ఇండ్లు బారకాసులు, అంటే వరుసగా కట్టిన ఇరుకు గదులు. వంట, నిద్ర, కాన్పు అన్నీ ఆ ఒక్క గదిలోనే జరిగేవి. కట్టెల పొగ పోవడానికి సరియైన దారి లేదు. కోతకు ముందు చెరకు ఆకు తగలబెడితే నల్లని బూడిద ఇండ్ల మీద రాలేది. ఇంట్లో కమ్ముకునే పొగ పసిపిల్లలకు ఊపిరితిత్తుల వాపు తెస్తుందని ఈనాడు వైద్యులందరూ ఒప్పుకుంటారు. ఆనాడు బిడ్డ దగ్గితే తల్లి తన కర్మ అనుకుంది. “మన రక్తములో ఉంది” అనే మాటకు మొదటి విత్తనము బహుశా అక్కడే పడిందని మాకు తోస్తుంది.

ఇప్పుడు దక్షిణ డర్బనుకు వద్దాము. మెరెబ్యాంకు లోతట్టు నేల. ఒప్పందము తీరిన మనవాళ్లు అక్కడ కూరగాయల తోటలు వేసి బ్రతికారు. తరువాత నగరపాలక సంఘము అక్కడ భారతీయుల కోసము ఇండ్ల పథకము చేపట్టింది. 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టము వచ్చి, ఏ జాతివారు ఎక్కడ ఉండాలో ప్రభుత్వమే గీత గీసింది. 1954లో పక్కనే ఉన్న వెంట్‌వర్తులో దేశములోకెల్లా మొదటి చమురు శుద్ధి కర్మాగారము పని మొదలుపెట్టింది. 1963లో మరో పక్క రెండవది లేచింది. తరువాత కాగితపు మిల్లు కూడా వచ్చింది. ఇండ్లకు ఇరుపక్కలా పొగగొట్టాలు నిలిచాయి. గాలి బాగా లేదని ఇంకొక చోటికి తరలిపోదామంటే చట్టము ఒప్పదు.

మా చిన్నతనము 1970లలో ఆ వీథులలోనే గడిచింది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి ఎటు తిరిగిందో మాకు తెలిసిపోయేది. అవ్వ తడిగుడ్డ పిండి కిటికీ సందులో కుక్కేది. ఆరిన బట్టలు మళ్లీ ఉతికేది. రాత్రి ఆకాశములో మంట ఎర్రగా వెలుగుతుంటే, అది దీపావళి దీపమని తమ్ముడిని నమ్మించేవాళ్లము. తరువాత మేమే పంతుళ్లమై తరగతి గదిలో నిలబడ్డప్పుడు, సుద్దముక్కల పెట్టె పక్కనే పిల్లల ఉబ్బసపు పంపులు వరుసగా పెట్టుకున్నాము. ప్రతి పంపు మీద పేరు రాసిన కాగితము అంటించి ఉండేది. ఆటల గంట అయ్యాక ఆ బీరువా దగ్గర పిల్లలు బారులు తీరేవారు. అంతమంది పిల్లలు అలా నిలబడటము మామూలు సంగతి కాదని మాకు చాలాకాలము తోచలేదు.

1995లో అధ్యక్షుడు నెల్సన్ మండేలా శుద్ధి కర్మాగారానికి వచ్చినప్పుడు, బయట నిలిచి నిరసన తెలుపుతున్న జనాన్ని చూసి, ఆగి వారితో మాట్లాడారు. మరుసటి సంవత్సరము వచ్చిన రాజ్యాంగము, 24వ అధికరణములో, ఆరోగ్యానికి హాని చేయని పరిసరాలు ప్రతివారి హక్కు అని చెప్పింది. తరువాత పరిశోధకులు మెరెబ్యాంకులోని సెట్లర్స్ ప్రాథమిక పాఠశాలకు వచ్చి పిల్లల ఊపిరిని కొలిచారు. పరీక్షించిన పిల్లలలో సగానికి పైగా ఉబ్బసపు లక్షణాలు కనబడ్డాయి. ఆ పైన దక్షిణాన నాలుగు, ఉత్తరాన మూడు బడులను తీసుకుని పెద్ద పరిశోధన జరిపారు. 2013లో అచ్చయిన ఫలితాల ప్రకారము, గాలిగొట్టాలు తీవ్రంగా ముడుచుకునే గుణము దక్షిణపు పిల్లలలో నూటికి 8 మందికి ఉంటే, ఉత్తరపు పిల్లలలో 3 మందికన్న తక్కువ మందికి ఉంది. గంధకపు పొగ ఎక్కువైన చోట ఆ ముప్పు రెండింతలయింది.

ఉబ్బసము ఉత్తరాన కూడా లేకపోలేదు. వంశపు పాలు కూడా కొంత ఉంది. ఆ సంగతి దాచకూడదు. కాని రక్తమే కారణమైతే, ఊరి దిక్కు మారగానే లెక్క ఇంతగా ఎందుకు మారాలి?

పసిపిల్లలకే ఇంత దెబ్బ ఎందుకు? పుట్టినప్పుడు బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా పూర్తిగా తయారు కావు. గాలి నిండే చిన్నచిన్న తిత్తులలో ఎక్కువ భాగము పుట్టిన తరువాత, మొదటి కొన్నేండ్లలోనే ఏర్పడుతుంది. పైగా బరువుతో పోల్చి చూస్తే, బిడ్డ పెద్దవారికన్న ఎక్కువ గాలి పీలుస్తుంది. కట్టుబడి జరుగుతున్న ఇంటికి గోడలు పచ్చిగా ఉండగానే వాన తగిలినట్టు ఇది. కేప్ ప్రాంతములోని పార్ల్ పట్టణము దగ్గర 2012లో మొదలైన డ్రాకెన్‌స్టీన్ పరిశోధన బిడ్డలను తల్లి గర్భము నుండే గమనిస్తున్నది. మన డర్బనులో కూడా 2013 నుండి తల్లులను, వారి బిడ్డలను అలాగే గమనిస్తున్నారు.

ఇక షుగర్ సంగతి. డర్బనులో డాక్టర్ క్యాంప్‌బెల్ నేటాలు భారతీయుల మధుమేహాన్ని చూసి, డాక్టర్ క్లీవ్‌తో కలిసి 1966లో ఒక గ్రంథము వెలువరించారు. శుద్ధి చేసిన చక్కెర మీదనే వారు నేరము మోపారు. మన తాతలు కోసిన చెరకే మన ఇండ్లకు రోగమై తిరిగి వచ్చిందన్నమాట. అయితే కథ అంతకంటె ముందే మొదలవుతుందని తరువాత తెలిసింది. ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైరులో 1911 మొదలు పుట్టిన బిడ్డల బరువును ఖాతా పుస్తకాలలో రాసి ఉంచారు. మన కూలీ ఓడలు ఆగిపోయిన సంవత్సరము కూడా అదే. ఆ పుస్తకాలను వెదికి పట్టుకున్న డాక్టర్ బార్కర్, తక్కువ బరువుతో పుట్టినవారికి పెద్దయ్యాక గుండెజబ్బు, మధుమేహము ఎక్కువగా వస్తున్నాయని చూపారు. పూనాలో డాక్టర్ యాజ్ఞిక్, మన దేశపు శిశువులు బరువు తక్కువైనా, కండ సన్నగిల్లినా, ఒంట్లో కొవ్వును మాత్రము నిలుపుకుంటారని కనుగొన్నారు. 2009లో సురినాము నుండి వచ్చిన పరిశోధన మనకు మరీ దగ్గరిది. అక్కడి తోట కూలీల నాలుగైదు తరాల తరువాతి శిశువులలో కూడా అదే పోలిక కనిపించింది.

గాలికీ షుగరుకూ సంబంధమేమి అంటే, గర్భిణి సన్నని పొగరేణువులు ఎక్కువగా పీల్చినప్పుడు బిడ్డ బరువు తగ్గే అవకాశము పెరుగుతుందని అనేక దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. తక్కువ బరువు తరువాతి కాలములో షుగరుకు దారి తీయవచ్చు. గాలి చెడితే ఊపిరి ఒక్కటే చెడదు.

మరి దీనిని మార్చగలమా? మార్చవచ్చుననే చరిత్ర చెబుతున్నది. మన దేశములో 1965 నాటి పాత చట్టము పోయి, 2004లో గాలి నాణ్యత చట్టము వచ్చింది. 2006లో సీసము కలిపిన పెట్రోలు ఆగింది. 2020 డిసెంబరు 4న ఒక శుద్ధి కర్మాగారములో పేలుడు జరిగిన తరువాత అక్కడ శుద్ధి పని నిలిచిపోయింది. 2022లో రెండవదానిలోనూ ఆగింది. దక్షిణ కాలిఫోర్నియాలో 1993 నుండి పిల్లలను గమనించినవారు, గాలి బాగుపడిన ఏండ్లలో పెరిగిన పిల్లల ఊపిరితిత్తులు అంతకు ముందువారికన్న బలముగా పెరిగాయని 2015లో తెలిపారు. రక్తము మారలేదు, గాలి మారింది.

కనుక మన సంఘ సభ్యులకు ఒక మనవి. కడుపుతో ఉన్న ఆడబిడ్డ ఉన్న గదిలో సిగరెట్టు పొగ, సాంబ్రాణి పొగ నింపకండి. ఆమెకు మంచి తిండి పెట్టండి. బిడ్డ దగ్గును కర్మ అనుకోకుండా క్లినిక్‌కు తీసుకువెళ్లండి. ఇంకొకటి. ప్రతి ఇంటిలో తాతగారి ఓడ నంబరు కాగితాన్ని భద్రముగా దాచుకున్నాము. అదే పెట్టెలో బిడ్డ రోడ్ టు హెల్త్ పుస్తకాన్ని కూడా దాచండి. పుట్టిన బరువు, తల్లి ఉన్న వీథి, మొదటి దగ్గు వచ్చిన నెల అందులో రాసి ఉంచండి. మన పెద్దల ఒంటి మచ్చలను ఎవరో రాశారు. మన పిల్లల ఊపిరిని మనమే రాసి పెట్టాలి.