మంచుకాటుకు మంచే మందా? నూట యాభై ఏళ్ల పొరపాటు

డిసెంబరు వచ్చిందంటే చాలు, మన యువతీయువకులు వీపున సంచులు తగిలించుకొని ఉత్తరాఖండ్ బాట పడుతున్నారు. సుమారు 12,500 అడుగుల ఎత్తున ఉన్న కేదార్‌కంఠ శిఖరం పేరు ఇప్పుడు హైదరాబాదులోనూ విశాఖలోనూ ఇంటింటా వినిపిస్తున్నది. గడ్డకట్టే చలిని పుట్టి బుద్ధెరిగి చూడని వారం మనం. అందుచేత మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. కొండ మీద తోటివాని కాలివేళ్లు తెల్లబడి, చెక్కవలె బిగుసుకొని, గిల్లినా తెలియని స్థితికి వస్తే మీరేమి చేస్తారు? వెంటనే గట్టిగా రుద్దుతారు, లేదా మంట దగ్గర కూర్చోబెడతారు. రెండూ హాని చేసేవే. ఈ సంగతి తేల్చుకోవడానికి వైద్యలోకానికే సుమారు నూట యాభై ఏళ్లు పట్టింది.

కథ 1807 ఫిబ్రవరిలో మొదలవుతుంది. తూర్పు ప్రష్యాలోని ఐలావు వద్ద నెపోలియన్ సేనలు రష్యన్లతో తలపడ్డాయి. ఆ సేనలో ప్రఖ్యాత శస్త్రవైద్యుడు డొమినిక్ జాన్ లారే ఉన్నాడు. క్షతగాత్రులను రణరంగం నుంచే తరలించే వేగవంతమైన బండ్లను ప్రవేశపెట్టినవాడాయన. యుద్ధానంతరం చలి ఒక్కసారిగా సడలి మంచు కరగసాగింది. అంతవరకు బాధ తెలియని సైనికులు కాళ్లు మండుతున్నాయని మొరపెట్టుకున్నారు. నెగళ్ల వద్దకు పరుగెత్తినవారి పాదాలు నల్లబడి గ్యాంగ్రీన్ పట్టింది. లారే దీనిని శ్రద్ధగా గమనించి, వేడియే శత్రువని నిశ్చయించాడు. మంచుకాటు తగిలిన అవయవాన్ని మంచుతో రుద్దాలని, వేడిని దరిచేరనీయరాదని బోధించాడు. 1812లో మాస్కో నుంచి వెనుదిరిగిన ఘోరప్రయాణంలో ఆయన తన కోటు గుండీకి ఉష్ణమాపకాన్ని వేలాడదీసుకొని నడిచాడు. అంతటి పరిశీలకుడు!

ఆయన కళ్లు పొరబడలేదు, పొరబడినది అన్వయం. స్పర్శ కోల్పోయిన పాదానికి మంట సెగ తెలియదు. చర్మం కాలుతున్నా సైనికుడు కాలు వెనక్కి తీసుకోడు. రాత్రి నెగడు వద్ద కరిగిన పాదం మరునాటి నడకలో మళ్లీ గడ్డకట్టేది. ఒకసారి గడ్డకట్టినదాని కంటే కరిగి మళ్లీ గడ్డకట్టినది చాలా ఎక్కువగా చెడుతుంది. కణజాలంలో ఏర్పడిన మంచు స్ఫటికాలు కణాలలోని నీటిని బయటికి లాగుతాయి. కరిగిన తరువాత సూక్ష్మరక్తనాళాలలో నెత్తురు గడ్డలు కడుతుంది. ఇటువంటి దశలో రుద్దితే, అందులోనూ మంచుతో రుద్దితే, పుండు మీద గరుకురాయి తిప్పినట్లే.

గురువు గొప్పవాడైతే ఆయన పొరపాటుకూ ఆయుష్షు పెరుగుతుంది. మా వృత్తిలో దీనికి ఉదాహరణలు కోకొల్లలు. లారే ఉపదేశం వైద్యగ్రంథాలలోకి, అక్కడి నుంచి పర్వతారోహకుల నోళ్లలోకి చేరింది. దానికి బ్రాందీ తోడయింది. మెడలో సారాయి పీపాతో మంచులో మనుషులను కాపాడే సెయింట్ బెర్నార్డ్ కుక్క బొమ్మను మీరు చూసే ఉంటారు. ఆ పీపా 1820లో లాండ్‌సీర్ అనే ఆంగ్ల బాలచిత్రకారుడు గీసిన పటంతో ప్రచారంలోకి వచ్చింది. మద్యం చర్మంలోని రక్తనాళాలను విప్పార్చి ఒంటి లోపలి వేడిని బయటికి పారబోస్తుంది. త్రాగినవానికి వెచ్చగా ఉన్నట్లు తోస్తుంది, దేహం మాత్రం చల్లబడుతూనే ఉంటుంది.

1950 జూన్ 3న ఫ్రెంచివారైన మోరిస్ ఎర్జోగ్, లూయీ లాషెనాల్ 8,091 మీటర్ల అన్నపూర్ణ శిఖరాన్ని చేరారు. దిగివచ్చేటప్పుడు ఎర్జోగ్ చేతితొడుగులు జారి లోయలో పడిపోయాయి. గుడారంలో సహచరులు వారి కాళ్లుచేతులను రుద్దారు, రక్తం కదలాలని తాడు కొసతో కొట్టారు. తమ ప్రాణాలకు తెగించి చేసిన సేవ అది. అప్పటికి వారికి తెలిసిన విద్య అదే. ఎర్జోగ్ కాలివేళ్లన్నీ, చేతివేళ్లలో చాలా భాగం పోయాయి. లాషెనాల్ కాలివేళ్లన్నీ పోగొట్టుకున్నాడు.

గోరువెచ్చని నీటిలో త్వరగా కరిగించడమే మేలని 1930లలోనే సోవియట్ వైద్యులు గుర్తించారు గాని, ఆ మాట పశ్చిమానికి ఆలస్యంగా అందింది. 1960 నుంచి అలాస్కాలోని యాంకరేజ్‌లో విలియం మిల్స్ అనే ఎముకల వైద్యుడు ఆ పద్ధతిని రోగులపై ఓర్పుతో అనుసరించి, ఫలితాలను ప్రచురించి, లారే బోధనకు స్వస్తి పలికించాడు. వేళ్లు నల్లబడగానే కోయడానికి తొందరపడవద్దని, చెడిన భాగమేదో బాగున్న భాగమేదో తేలేవరకు వేచి ఉండమని కూడా చెప్పాడు.

మన దేశంలో మంచుకొండల విద్యకు 1954లో డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ వెలసింది. టెన్జింగ్ నార్గే అక్కడ శిక్షణాధిపతిగా పనిచేశాడు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్‌ల సాధన భువనగిరి బండరాళ్ల మీద మొదలై, డార్జిలింగ్ మీదుగా లదాఖ్ చలి దాకా సాగింది. శీతకాలపు కొండనడకలో నేర్వవలసినవి చూడడానికి చిన్న విషయాలే. తడిసిన మేజోళ్లను ఆలస్యం చేయక మార్చుకోవాలి. నూలువి కాక ఉన్నివి తొడుక్కోవాలి. బూటు తాళ్లు నెత్తురు ఆగేటంత బిగించరాదు. చేతితొడుగులకు తాడు కట్టి మణికట్టుకు తగిలించుకోవాలి. ఒకరి ముక్కు, చెవులు, బుగ్గలు ఇంకొకరు చూస్తుండాలి, ఎందుకంటే తెల్లమచ్చ తేలినవానికి అది తెలియదు.

ఇక నా ప్రశ్నకు జవాబు. ముందున్న దారిలో ఆ కాలు మళ్లీ గడ్డకట్టే ప్రమాదముంటే దానిని కావాలని కరిగించకండి. మోసుకువెళ్లే వీలు లేకపోతే ఆ కాలితోనే నడిపించి క్రిందికి దింపండి. సురక్షితమైన చోటు చేరాక 37 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ వేడిగల నీటిలో, గిన్నె అంచులకు తగలకుండా, చర్మం ఎర్రబడి మెత్తబడేవరకు ఉంచండి. సాధారణంగా అరగంట పడుతుంది. నీరు చల్లారుతుంది గనుక వేడినీరు కలుపుతూ ఉండాలి. కరిగేటప్పుడు నొప్పి తీవ్రంగా ఉంటుంది, రోగికి ముందే చెప్పండి. తరువాత పొడిగా, వదులుగా కట్టుకట్టి ఆసుపత్రికి చేర్చండి. ఉష్ణమాపకం లేకపోతే మీ చేతిని అరనిమిషం ఆ నీటిలో ఉంచి చూడండి. వేడి చూడమని రోగిని మాత్రం అడగకండి.