కిటికీలోంచి వచ్చిన బూజు

నవంబరు 14 దగ్గరపడితే చాలు, పార్కుల ముందు ఉచిత షుగరు పరీక్షల బల్లలు వెలుస్తాయి. ఢిల్లీ మెట్రో బ్లూ లైను ఒక కొస ముగిసే వైశాలి నుంచి మన హైదరాబాదు దాకా అదే హడావుడి. ఇన్సులిన్ కనిపెట్టిన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజది. ఆ రోజు ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్‌కు దక్కే మర్యాద అడ్రినల్ గ్రంథులకు దక్కదు. రెండు కిడ్నీల నెత్తిన టోపీల్లా కూర్చుని, ఒక్కోటి నాలుగైదు గ్రాములు మాత్రమే తూగే ఈ గ్రంథులకు షుగరు కథలో పెద్ద పాత్రే ఉంది. ఒక్కోసారి అది ప్రతినాయక పాత్ర.

మూత్రం తేనెలా తియ్యగా మారే జబ్బును చరక, సుశ్రుత సంహితలు ఏనాడో గుర్తించాయి. అడ్రినల్స్ ఊసు మాత్రం 16వ శతాబ్దిలో ఇటలీ శరీరశాస్త్రవేత్త యుస్టాకీ వచ్చేదాకా లేదు. ఆ తర్వాత కూడా అవెందుకున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు. ఫ్రాన్సులో బోర్డో అకాడమీ ఈ విషయం మీద వ్యాసరచన పోటీయే పెట్టింది. తీర్పు చెప్పే పని తత్వవేత్త మాంటెస్క్యూ మీద పడింది. వచ్చినవాటిలో ఒక్కటీ పనికిరాదని 1718లో ఆయన తేల్చేశాడు. బహుమతి ఎవరికీ రాలేదు.

జవాబు 1855లో లండన్ గైస్ ఆస్పత్రిలో దొరకడం మొదలైంది. నీరసించి, ఒళ్లు నల్లబడి చనిపోయిన రోగుల్లో అడ్రినల్స్ పాడైపోయి ఉండటం థామస్ అడిసన్ చూశాడు. వారిలో పలువురికి క్షయ ఉంది. మన దేశంలో నేటికీ అడిసన్ జబ్బుకు ముఖ్య కారణాల్లో క్షయ ఒకటి. అడిసన్ రాసిన మరుసటి ఏడాదే శాస్త్రవేత్త బ్రౌన్ సెకార్ జంతువుల్లో ఈ గ్రంథుల్ని కోసి తీసేస్తే అవి బతకలేదు. 1922లో ఇన్సులిన్ వచ్చింది. 1932లో అమెరికా సర్జన్ హార్వే కుషింగ్ ఇంకో రకం రోగుల గురించి రాశాడు. చంద్రబింబంలా గుండ్రని ముఖం, బాన పొట్ట, పీలబారిన కాళ్లు, వారిలో కొందరికి షుగరు.

ఈ రెండు జబ్బుల మధ్య ఉన్న లంకె కార్టిసాల్. అడ్రినల్ పైపొరలో తయారయ్యే ఈ హార్మోను కాలేయం చేత చక్కెర తయారు చేయిస్తుంది, ఇన్సులిన్ మాట చెల్లనివ్వదు. అది ఎక్కువైతే షుగరు పెరుగుతుంది, తక్కువైతే పడిపోతుంది. అందుకే ఇన్సులిన్ మీద బతికే టైప్ 1 రోగికి కారణం లేకుండా మాటిమాటికీ షుగరు పడిపోతుంటే, డోసు తగ్గించి ఊరుకోకుండా మంచి డాక్టరు అడ్రినల్స్ వైపు కూడా ఒక చూపు చూస్తాడు.

ఇక అసలు కథ. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ పశువుల అడ్రినల్స్ నుంచి ఏళ్ల తరబడి ఒక్కో పదార్థాన్నీ వేరు చేస్తూ పోయాడు. పేర్లు పెట్టే తీరిక కూడా లేనట్టు వాటిని ఎ, బి, సి, డి, ఇ అన్నాడు. జర్మన్ విమానచోదకులు అడ్రినల్ సారం పుచ్చుకుని అంతెత్తున ఎగురుతున్నారని రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఒక పుకారు లేచింది. పుకారు ఉత్తదే గానీ, దాని పుణ్యమా అని అమెరికాలో పరిశోధనకు డబ్బు వచ్చింది. మెర్క్ కంపెనీ రసాయనవేత్త లూయిస్ సారెట్ ఎద్దుల పిత్తరసంతో మొదలుపెట్టి, ముప్పై పైచిలుకు అంచెలు దాటి, 1944లో ‘ఇ’ పదార్థాన్ని తయారుచేశాడు. 1948 సెప్టెంబరు 21న, కీళ్లవాతంతో మంచం పట్టిన 29 ఏళ్ల మహిళకు అదే మేయోలో డాక్టరైన ఫిలిప్ హెంచ్ బృందం దాన్ని సూదిగా ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచి, బజారుకెళ్లి షాపింగ్ చేసి వచ్చింది. ‘ఇ’ పదార్థం కార్టిసోన్ అయింది. 1950లో కెండాల్, హెంచ్‌లకూ, ఇదే దారిలో పనిచేసిన స్విస్ రసాయనవేత్త రైఖ్‌స్టైన్‌కూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

వచ్చిన చిక్కల్లా ధర. 1949లో గ్రాము కార్టిసోన్ 200 డాలర్లు. ఎద్దుల పిత్తరసంతో ఎందరి కీళ్లని బాగుచేస్తారు? మెక్సికో అడవిదుంపల నుంచి ప్రొజెస్టెరాన్ తీయడం రసెల్ మార్కర్ అప్పటికే చేసి చూపించాడు. కానీ దాన్ని కార్టిసోన్‌గా మార్చాలంటే అణువులో 11వ స్థానంలో ఒక ఆక్సిజన్‌ను కూర్చోబెట్టాలి. మహామహులైన రసాయనవేత్తలకు అది కొరుకుడు పడలేదు. అమెరికాలోని కలమజూలో ఉన్న అప్‌జాన్ మందుల కంపెనీలో పీటర్సన్, మర్రీ ఆ పని బూజుకు అప్పగించారు. కిటికీ దగ్గర తెరిచి పెట్టిన పళ్లెంలో గాలికి వచ్చి పడిన బూజే ఆ పని చేసిపెట్టిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1952లో సంగతి లోకానికి తెలిసింది. కొన్నేళ్లలో కార్టిసోన్ ధర గ్రాముకు కొద్ది డాలర్లకు దిగింది. ఆ బూజు పేరు రైజోపస్. పాచిపోయిన రొట్టె మీద నల్లగా పట్టేది దాని జాతే.

బూజుల్లోంచి, మట్టిలోంచి మందులు వెతికే ఆ కాలానికి మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు ఒక పెద్ద దిక్కు. ఆయన అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో పరిశోధన నడిపిస్తుండగానే మట్టి సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. కార్టిసోన్ తొలి సూదికి ఆరు వారాల ముందు, 1948 ఆగస్టు 8న, ఆయన కన్నుమూశారు. 1953లో ఒక శిలీంధ్రానికి ‘సబ్బారోమైసిస్’ అని ఆయన పేరే పెట్టారు.

ఇక్కణ్నుంచి కథ ఒకే దారిన నడవదు. కార్టిసోన్, దాని కోవ మందులనే స్టెరాయిడ్లంటారు. చవకైన స్టెరాయిడ్ ఉబ్బసం రోగికి ఊపిరి నిలిపింది, కిడ్నీ మార్పిడికి అండ అయింది. అదే స్టెరాయిడ్ నాటువైద్యుల పొడుల్లో, ఒళ్లు తెల్లబరిచే క్రీముల్లో దూరింది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కట్టడి చేసింది. అది జరిగిన రెండేళ్లకే కోవిడ్ వచ్చిపడింది. ఆక్సిజన్ అవసరమైన రోగుల మరణాల్ని డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ తగ్గిస్తుందనీ, అవసరం లేనివారికి దానివల్ల మేలేమీ లేదనీ 2020 జూన్‌లో బ్రిటన్ ‘రికవరీ’ పరీక్ష చెప్పింది. మొదటి సగమే జనం చెవికెక్కింది.

2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండో అల చెలరేగినప్పుడు, వైశాలి పక్కనే ఉన్న ఇందిరాపురం గురుద్వారా ఉచిత భోజనశాల నడిపినట్టే రోడ్డు మీద ‘ఆక్సిజన్ లంగర్’ నడిపింది. కార్లలో, ఆటోల్లో కూర్చున్న రోగులకు అక్కడికక్కడే ఊపిరి అందించింది. మే నెలలో బ్లాక్ ఫంగస్ అనే బూజు జబ్బు విజృంభించింది. షుగరు అదుపు తప్పి రక్తం ఆమ్లమైతే, రక్తంలోని ప్రొటీన్లు పట్టి ఉంచాల్సిన ఇనుము విడిపోతుంది. ఈ జాతి బూజుకు చక్కెర, ఇనుము రెండూ విందే. పైగా రక్షణకణాల చేతులు స్టెరాయిడ్ కట్టేసి ఉంటుంది. ముక్కులో మొదలై కంటికి, మెదడుకు పాకిన ఆ జబ్బులో ఎక్కువగా బయటపడింది రైజోపస్సే. కార్టిసోన్‌ను చవక చేసిన కుటుంబమే ఇలా తిరిగొచ్చింది.

హైదరాబాదులో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని దీనికి ప్రధాన కేంద్రం చేశారు. ఆంధ్రప్రదేశ్ దీన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఘజియాబాద్ నుంచి ‘పసుపు ఫంగస్’ అంటూ కొత్త కబురు వచ్చింది. రంగుల పేర్లతో బెదరగొట్టొద్దని నిపుణులు మొత్తుకోవాల్సి వచ్చింది. జులై నాటికి దేశంలో 45 వేలకు పైగా కేసులు, 4 వేలకు పైగా మరణాలు నమోదయ్యాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఎంతోమంది కన్ను పోగొట్టుకున్నారు.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే లెక్కన దేశంలో 10.1 కోట్ల మందికి షుగరుంది. కాబట్టి స్టెరాయిడ్ చీటీ రాసే డాక్టరుకు షుగరున్న సంగతి ముందే చెప్పండి. లేదనుకున్నా పరీక్ష చేయించుకోండి. వారాల తరబడి స్టెరాయిడ్ వాడినవారు ఒక్కసారిగా మానేయకండి. బయటి మందుకు అలవాటుపడి నిద్రపోయిన అడ్రినల్స్ వెంటనే మేలుకోవు, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చెప్పినట్టు డోసు తగ్గించుకుంటూ రండి. వాడుతున్న మందు పేరు, డోసు రాసిన చీటీ జేబులో ఉంచుకోండి.